మంచి చొక్కాను ఎంచుకోవడం ఎలా: మెడ కొలత నుంచి మొదటి ఉతుకు దాకా

చొక్కా కొనే పని ఇంట్లో, కొలత టేపుతో మొదలు కావాలి. చాలామంది ముందు రంగు చూస్తారు, తర్వాత కంపెనీ పేరు, ఆ తర్వాత తగ్గింపు ధర. మెడకు సరిపోతుందా, భుజం కుట్టు ఎక్కడ పడుతోంది అన్నవి చివరికి మిగిలిపోతాయి. ఆ వరుసను పూర్తిగా తిరగేయమని నా సలహా. రంగు నచ్చి కొన్న చొక్కా మెడ దగ్గర పట్టేస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది. కొలత కుదిరిన చొక్కా మాత్రం సాదా తెలుపైనా వారానికి రెండుసార్లు ఒంటి మీదికి వస్తుంది.

ముందు కొలతలు రాసి పెట్టుకోండి

మెడతో మొదలుపెట్టండి. గొంతుముడికి కాస్త కింద, కాలరు కూర్చునే చోట టేపు చుట్టండి. టేపుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి అంకె చూడండి. మీకు కావలసిన కాలరు సైజు అదే. 15 అంగుళాలు వస్తే సెంటీమీటర్లలో 38, పదిహేనున్నర వస్తే 39. 16 అంగుళాలకు కొన్ని కంపెనీలు 40 అని, కొన్ని 41 అని వేస్తాయి కాబట్టి అక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి. అంకె రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి. నూలు కాలరు ఉతికాక కొంచెం దగ్గరపడుతుంది.

చేతి పొడవుకు మరొకరి సాయం తీసుకోండి. మెడ వెనుక మధ్యలో ఉన్న ఎముక దగ్గర టేపు పెట్టి, భుజం మీదుగా, మోచేతిని కాస్త వంచి, మణికట్టు ఎముక దాకా కొలవాలి. మోచేయి వంచకుండా కొలిస్తే చెయ్యి చాచినప్పుడల్లా కఫ్ (మణికట్టు దగ్గరి పట్టీ) పైకి లాక్కుపోతుంది.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. మీ దగ్గర ఇప్పటికే ఒంటికి చక్కగా అమరిన చొక్కా ఉంటే దాన్ని గుండీలన్నీ పెట్టి బల్ల మీద పరచండి. ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా, భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా, కాలరు కింద వీపు మధ్య నుంచి కింది అంచు దాకా కొలిచి ఫోనులో రాసుకోండి. ఎస్, ఎం, ఎల్ అక్షరాలకు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థం. ‘స్లిమ్’ అనే మాటకైతే ఒకే కంపెనీలోనే ఏడాదికో అర్థం. అంగుళాలు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆన్‌లైన్‌లో కొనేవారు మోడల్ ఫొటోను పక్కన పెట్టి, ‘గార్మెంట్ కొలతలు’ అని ఇచ్చే పట్టికను ఈ అంకెలతో పోల్చుకోవాలి. ఒంటి కొలతల పట్టిక వేరు, చొక్కా కొలతల పట్టిక వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలా చొక్కాలు తిరిగి వెనక్కి వెళ్తాయి. ఛాతీ చుట్టుకొలత కంటే చొక్కా చుట్టుకొలత నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంటే సౌకర్యంగా, అందంగా ఉంటుంది. ఆరు దాటితే వదులు.

ఎక్కడికి తొడుక్కుంటారో తేల్చుకోండి

ఫార్మల్, క్యాజువల్ అనే తేడా రంగులో కంటే కత్తిరింపులో ఎక్కువ కనిపిస్తుంది. ప్యాంటులోకి దోపుకునే చొక్కాకు కింది అంచు వంపు తిరిగి, ముందూ వెనుకా పొడవుగా ఉంటుంది. రెండు చేతులూ పైకెత్తినా అది బయటికి రాకూడదు. బయటికి వదిలేసే చొక్కాకు అంచు దాదాపు తిన్నగా ఉండి, ప్యాంటు వెనుక జేబు సగం దగ్గర ఆగాలి. ఫార్మల్ చొక్కాను బయటికి వదిలితే వేలాడుతున్నట్టు ఉంటుంది. పొట్టి చొక్కాను లోపలికి దోపితే వంగినప్పుడల్లా ఊడివస్తుంది. రెండిటికీ పనికొచ్చే చొక్కా కావాలని వెతికేవారు ఆఖరికి ఏ పనికీ కుదరని చొక్కాతో ఇంటికి వస్తారు.

బట్టను చేత్తో, వెలుతురులో చదవండి

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. మీకు చెమట ఎంత పడుతుందో, ఇస్త్రీ ఎంతసేపు పడుతుందో, రెండేళ్ల తర్వాత చొక్కా ఎలా ఉంటుందో నిర్ణయించేది బట్టే.

నేత ఎలా ఉందో ముందు చూడండి. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) ఒకదాని మీద ఒకటిగా సాదాగా సాగితే అది పాప్లిన్. పలచగా, నున్నగా, స్ఫుటంగా ఉంటుంది. టై కట్టే చొక్కాలకు ఇదే వాడుక. అయితే ముడతలు త్వరగా పడతాయి, లేత రంగుల్లో లోపలి బనియన్ కనిపిస్తుంది. బట్ట మీద సన్నని ఏటవాలు గీతలు కనిపిస్తే ట్విల్. కాస్త బరువుగా, మెరుపుగా, ఒంటి మీద జారినట్టు పడుతుంది. ముడతలు పాప్లిన్ కంటే తక్కువ. ఇస్త్రీకి ఓపిక లేనివారు పాప్లిన్ మానేసి ట్విల్‌కు మారితే చాలు, సగం బాధ తీరుతుంది.

పోగులు జంటలుగా, బుట్ట అల్లికలా కనిపిస్తే ఆక్స్‌ఫర్డ్. మందంగా, గట్టిగా ఉండి, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. ఇది క్యాజువల్ బట్ట. దీన్నే సన్నని పోగుతో నేస్తే పిన్‌పాయింట్ అవుతుంది. అది ఆఫీసుకు, సెలవు రోజుకు మధ్యలో సరిగ్గా కుదురుతుంది. రంగు పడుగు, తెల్ల పేకతో సాదాగా నేసినది షాంబ్రే. చూడటానికి డెనిమ్‌లా ఉన్నా డెనిమ్ ట్విల్ నేత కాబట్టి దానికంటే ఇది చాలా తేలిక. లినెన్ అవిసె నారతో తయారవుతుంది. తేమను బాగా పీల్చి త్వరగా ఆరిపోతుంది. దాని ముడతలు దాని స్వభావం, ఇస్త్రీతో పోరాడవద్దు. చలికి నూగు లేపిన ఫ్లానెల్ మంచిది.

తర్వాత పోగు సన్నదనం. లేబుల్ మీద 50, 80, 100, 120 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్న లెక్క అది. అంకె పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది, బట్ట మెత్తబడుతుంది, దాంతోపాటే నాజూకవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు సన్నని పోగులను మెలిపెట్టి ఒకటి చేసినదాన్ని టూ ప్లై అంటారు. టూ ప్లై 100 పోగు మందం దాదాపు ఒంటి 50 పోగుతో సమానం. అయినా మెలి ఉన్నందున అది మరింత బలంగా, నున్నగా ఉంటుంది. కాబట్టి ‘100’ అన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి, ప్లై ఎంతో అడగండి. రోజూ తొడుక్కునే చొక్కాకు టూ ప్లై 80 నుంచి 100 మధ్య చాలు. 140 దాటిన బట్టలు చేతికి పట్టులా ఉంటాయి కానీ రాపిడికి ఆగవు. వాటిని ప్రత్యేక సందర్భాలకే ఉంచుకోవాలి.

పత్తి పింజ (పత్తి పీచు) పొడవు కూడా ముఖ్యమే. పొడవు పింజలతో వడికిన నూలులో బయటికి పొడుచుకొచ్చే కొసలు తక్కువ. అందుకే అలాంటి బట్ట మీద ఉండలు కట్టవు, మెరుపు నిలుస్తుంది. అమెరికాలో పండే పీమా పత్తికి సుపీమా అనే ముద్ర, ఈజిప్టు గిజా రకాలు, అరుదైన సీ ఐలాండ్ పత్తి ఈ కోవలోవి. ‘ఈజిప్టు పత్తి’ అని మాత్రమే రాసి ఏ రకమో చెప్పని లేబుల్‌కు నేను ఎక్కువ విలువ ఇవ్వను.

చివరి పరీక్ష చేతిది. బట్ట అంచును గుప్పిట్లో పదిసెకన్లు నలిపి వదలండి. గాజుముక్కలా పదునైన ముడతలు నిలిచిపోతే ఇంటి దగ్గరా అంతే. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నేత సమానంగా ఉందా, ఎక్కడైనా పలుచని చారలు, ముడులు ఉన్నాయా చూడండి.

‘ముడత పడదు’ అన్న మాట వెనుక

నాన్ ఐరన్, రింకిల్ ఫ్రీ అని రాసిన చొక్కాలు నిజంగానే పెద్దగా ముడతపడవు, దానికి కారణం రసాయనం. పత్తిలోని సెల్యులోజ్ గొలుసులను రెజిన్‌తో ఒకదానికొకటి కట్టేస్తారు. దాంతో అవి తడిసినా జరిగి కొత్త స్థానంలో గట్టిపడవు. ఈ పరిశోధనలో అమెరికా వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రవేత్త రూత్ బెనెరిటోది పెద్ద పాత్ర. అంతకుముందే 1953లో బ్రూక్స్ బ్రదర్స్ సంస్థ డ్యూపాంట్ వారి డేక్రాన్ పాలియెస్టర్ కలిసిన ఉతికి ఆరేసి తొడుక్కునే చొక్కాను అమ్మకానికి తెచ్చింది.

సౌకర్యం నిజమే, దానికి మూల్యం కూడా ఉంది. అలా కట్టేసిన పోగు బలహీనపడుతుంది కాబట్టి కాలరు మడత, కఫ్ అంచు మామూలు చొక్కా కంటే ముందే పీచులేస్తాయి. ఉక్కపోతలో బట్ట కాస్త బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ అవశేషం కొద్దిగా ఉండవచ్చు, చర్మం సున్నితమైనవారు తొడుక్కునే ముందు ఒకసారి ఉతకాలి. తరచూ ప్రయాణాలు చేసేవారికి ఇలాంటివి ఒకటి రెండు ఉండటం మంచిదే. బీరువా మొత్తం వీటితో నింపడం మాత్రం నాకు ఇష్టం లేదు.

కాలరు ముఖానికి చట్రం

కొసలు దూరదూరంగా విచ్చుకున్న స్ప్రెడ్ కాలరు సన్నని పొడవాటి ముఖానికి నప్పుతుంది. కొసలు దగ్గరగా కిందికి దిగే పాయింట్ కాలరు గుండ్రని ముఖాన్ని పొడవుగా చూపిస్తుంది. కొసలను గుండీలతో బిగించే బటన్ డౌన్ కాలరు క్యాజువల్‌ది. ఇంగ్లండ్‌లో పోలో ఆటగాళ్లు గాలికి ఎగరకుండా కాలర్లకు గుండీలు పెట్టుకోవడం చూసి 1896లో జాన్ ఇ. బ్రూక్స్ దాన్ని తమ బ్రూక్స్ బ్రదర్స్ సంస్థకు తెచ్చాడంటారు. ఆక్స్‌ఫర్డ్ బట్టకు ఇదే సరైన జోడీ, సూటు కింద మాత్రం దీన్ని వద్దంటాను.

కాలరు కొసల వెనుక చిన్న తొడుగులు ఉన్నాయేమో తిప్పి చూడండి. కొసలను నిటారుగా ఉంచడానికి వాటిలో పెట్టే పుల్లలు తీసి పెట్టుకునేలా ఉంటే మంచిది. లోపలే కుట్టేసిన ప్లాస్టిక్ పుల్లలు ఇస్త్రీకి వంకర తిరుగుతాయి. తర్వాత కాలరును రెండు వేళ్ల మధ్య నలపండి. లోపలి బక్రం (కాలరును గట్టిగా ఉంచే పొర) బట్టకు జిగురుతో అంటించినదైతే గట్టిగా ఒకే పలకలా ఉంటుంది. కుట్టి వదిలినదైతే పొరలు కొద్దిగా జరుగుతాయి. అంటించినవి స్ఫుటంగా కనిపిస్తాయి, జిగురు నాసిరకమైతే నాలుగు ఉతుకులకే బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ఏ ఇస్త్రీకీ పోవు.

కుట్టును లోపలి నుంచి చూడండి

చొక్కాను తిరగేయండి. అమ్మేవారు ఏమనుకుంటారోనని మొహమాట పడవద్దు, నిజం అక్కడే ఉంటుంది.

పక్క కుట్టు దగ్గర అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. 14 లోపు ఉంటే తొందరగా కుట్టి పారేసినట్టు. 18 నుంచి 22 మధ్య ఉంటే శ్రద్ధగా కుట్టినట్టు. బయటికి ఒకే వరుస కుట్టు కనిపిస్తే సింగిల్ నీడిల్ పని. ఒకే సూదితో రెండుసార్లు నడిపి కుడతారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఉతికాక ముడుచుకుపోవడం తక్కువ. రెండు సమాంతర వరుసలు కనిపిస్తే రెండు సూదుల మిషను. అది తప్పేమీ కాదు, కాని కొన్ని ఉతుకుల తర్వాత అక్కడ బట్ట అలలు అలలుగా లేవవచ్చు.

గళ్లు, చారలు ఉన్న చొక్కా అయితే జేబు అంచు దగ్గర, గుండీల పట్టీ దగ్గర, యోక్ (భుజాల మీదుగా వీపు పైభాగాన వచ్చే ముక్క) దగ్గర గీతలు కలిశాయా చూడండి. గీతలు కలపాలంటే బట్ట ఎక్కువ ఖర్చవుతుంది, కోసేవాడికి ఓపిక కావాలి. ఆ రెండూ పెట్టిన కంపెనీ మిగతా చోట్ల కూడా కక్కుర్తి పడి ఉండదు. కొలత తీసుకోకుండా ఒక చొక్కా గుణం చెప్పమంటే నేను ముందు చూసేది జేబు దగ్గర గీతలనే.

గుండీలను వేలితో తాకండి. ముత్యపుచిప్ప గుండీ చల్లగా, బరువుగా ఉంటుంది, వెనుక వైపు సహజమైన చారలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ వెంటనే చేతి వేడికి మారిపోతుంది. ప్లాస్టిక్ గుండీ ఉన్నంత మాత్రాన చొక్కాను పక్కన పెట్టనక్కరలేదు. గుండీ ఎలా కుట్టారన్నది ముఖ్యం. దారం కొస పట్టి మెల్లగా లాగితే ఊడివచ్చేట్టుంటే ఆ చొక్కా వద్దు. కాజా అంచు దట్టంగా, పోగులు బయటికి రాకుండా ఉండాలి. చేతి చీలిక మధ్యలో చిన్న గుండీ, లోపలి అంచున అదనపు గుండీలు ఉంటే తయారుచేసినవారు ఆలోచించి చేశారని అర్థం. యోక్ రెండు ముక్కలుగా ఉండటాన్ని కొందరు గొప్పగా చెప్తారు. ఆ ముక్కలను ఏటవాలుగా కోస్తేనే భుజం కదలికకు సాగుతుంది, లేకపోతే అది అలంకారం మాత్రమే.

కంపెనీ పేరు వెనుక ఎవరున్నారు

లేబుల్ మీది పేరు చొక్కాను ఎవరు అమ్ముతున్నారో చెబుతుంది. ఎవరు నేశారో, ఎవరు కుట్టారో చాలాసార్లు చెప్పదు. హాంకాంగ్‌కు చెందిన ఎస్క్వెల్, టాల్ వంటి పెద్ద సంస్థలు అనేక బ్రాండ్లకు చొక్కాలు కుట్టి ఇచ్చాయి. ఒకే పేరు ఒక దేశంలో ఒకరి చేతిలో, మరో దేశంలో ఇంకొకరి చేతిలో ఉండటమూ మామూలే. వాన్ హ్యూసెన్, ఆరో పేర్లను అమెరికా సంస్థ పీవీహెచ్ 2021లో ఆథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్‌కు అమ్మేసింది. భారతదేశంలో వాన్ హ్యూసెన్ ఆదిత్య బిర్లా గ్రూపు ద్వారా, ఆరో అరవింద్ ద్వారా వస్తాయి. పీటర్ ఇంగ్లాండ్, లూయీ ఫిలిప్ కూడా అదే బిర్లా గూటివి. కాబట్టి విదేశంలో కొన్న చొక్కా సైజు ఇక్కడ అదే పేరున్న చొక్కాకు సరిపోతుందని అనుకోవద్దు.

పేర్ల వెనుక చరిత్ర మాత్రం తెలుసుకోదగ్గది, ఎందుకంటే ఏ సంస్థకు ఏది చేతనవునో అందులో కనిపిస్తుంది. పారిస్‌లో 1838లో మొదలైన షార్వే, లండన్ జెర్మిన్ స్ట్రీట్‌లో పేరున్న, 1885 నాటి టర్న్‌బుల్ అండ్ ఆసర్ కొలిచి కుట్టే సంప్రదాయానికి చెందినవి. 1986లో పోస్టు ద్వారా అమ్మకాలతో మొదలైన చార్ల్స్ టిరిట్ అదే శైలిని సిద్ధంగా కుట్టిన చొక్కాలకు తెచ్చింది. అక్కడ కాలరు, చేతి పొడవు వేర్వేరుగా ఎంచుకోవచ్చు. మెడ లావుగా, చేతులు పొట్టిగా ఉన్నవారికి ఇలా అమ్మే కంపెనీలే దిక్కు. బ్రూక్స్ బ్రదర్స్ 1818 నాటిది, 2020లో దివాలా దాఖలు చేసి యాజమాన్యం మారింది. పాత కీర్తిని చూసి కాకుండా ఇప్పటి చొక్కాను పైన చెప్పినట్టు పరీక్షించే కొనాలి.

క్యాజువల్ వైపు వస్తే ఉన్ని చొక్కాలకు 1924 నుంచి వాటిని చేస్తున్న అమెరికా సంస్థ పెండిల్టన్, ప్రెస్ బటన్ల వెస్టర్న్ చొక్కాలకు డెన్వర్‌లో 1946లో పుట్టిన రాక్‌మౌంట్, బటన్ డౌన్‌లకు 1949 నాటి గాంట్ పేరుపొందాయి. వీపు మీద కనిపించే చిన్న గుడ్డ కొక్కెం గాంట్ ప్రచారంలోకి తెచ్చినదే. అదుపులో ఉండే ఖర్చుతో సాదా ఆక్స్‌ఫర్డ్, లినెన్ కావాలనుకునేవారు యూనిక్లోను చూడవచ్చు.

బ్రాండ్ లేబుల్ పక్కన మిల్లు లేబుల్ కూడా ఉంటే దాన్ని శ్రద్ధగా చదవండి. 1796లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో మొదలైన థామస్ మేసన్ బట్టలు ఇప్పుడు ఇటలీలోని అల్బీని సంస్థవి. అల్బీని 1876 నుంచి చొక్కా బట్ట నేస్తోంది. ఎక్కువగా తెలియని చిన్న కంపెనీ చొక్కా మీద ఇలాంటి మిల్లు పేరు కనిపిస్తే అది బట్ట మీద డబ్బు పెట్టిందని తెలుస్తుంది.

తొడుక్కుని చూడండి

అన్ని గుండీలూ పెట్టండి, మెడ గుండీతో సహా. భుజం కుట్టు భుజం ఎముక అంచున పడాలి. చేతి మీదికి జారితే పెద్దది, మెడవైపు వస్తే చిన్నది. భుజం కుదరని చొక్కాను వదిలేయండి. దర్జీ పక్కలు తగ్గించగలడు, చేతులు పొట్టి చేయగలడు, వీపున డార్ట్‌లు (బట్టను మడిచి కుట్టి బిగించే కుట్లు) వేయగలడు. భుజాలను, కాలరును మార్చడం మాత్రం కొత్త చొక్కా కుట్టినంత పని.

కుర్చీలో కూర్చోండి. ఛాతీ దగ్గర గుండీల మధ్య బట్ట నోరు తెరుస్తోందా? తెరిస్తే ఒక సైజు పైకి వెళ్లండి. చేతులు ముందుకు చాచి, ఏదో అందుకుంటున్నట్టు కదలండి. చంక దగ్గర మరీ కిందికి దిగిన చొక్కా చెయ్యి ఎత్తగానే మొత్తం పైకి వస్తుంది. చేతులు కిందికి వదిలినప్పుడు కఫ్ బొటనవేలు మొదలు దగ్గర ఆగాలి. కోటు వేసుకుంటే ఒక సెంటీమీటరు బయటికి కనిపిస్తే అందం.

మొదటి ఉతుకు, ఆ తర్వాత

‘శాన్‌ఫరైజ్డ్’ అన్న మాట కనిపిస్తే ఆ బట్టను యంత్రంతో ముందే కుదించారని అర్థం. ఆరో కాలర్లు తయారుచేసిన క్లూయెట్ పీబాడీ సంస్థలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఇలాంటి బట్ట ఉతికాక కుంచించుకుపోయినా 1 శాతంలోపే. లేకపోతే 2, 3 శాతం కుదింపుకు సిద్ధంగా ఉండాలి, అంటే పదహారు అంగుళాల కాలరు అర అంగుళం దాకా తగ్గవచ్చు. అందుకే చేతులు పొట్టి చేయించేది ఒకటి రెండు ఉతుకుల తర్వాతే.

గుండీలు విప్పి, కాలరు పుల్లలు తీసి, 30 నుంచి 40 డిగ్రీల నీటిలో ఉతకండి. కాలరు మీద నూనె మరకకు ఉతికే ముందు ద్రవ సబ్బు రాసి పావుగంట ఉంచితే చాలు, బ్రష్‌తో రుద్దితే పోగులు లేస్తాయి. మిషనులో ఎక్కువగా పిండకుండా, తీసిన వెంటనే దులిపి హ్యాంగర్‌కు వేయండి. సగం పని అక్కడే అయిపోతుంది. ఇస్త్రీ బట్ట కాస్త తడిగా ఉన్నప్పుడే చేయండి. ముందు కాలరు, కొసల నుంచి మధ్యకు. తర్వాత కఫ్‌లు, చేతులు, యోక్, చివరికి ముందూ వెనుకా. కాలరును మధ్య నుంచి కొసలకు తోస్తే ముడత కొస దగ్గర పోగుపడి మిగిలిపోతుంది.

ఏళ్ల తర్వాత కాలరు మడత దగ్గర పీచులేస్తే, మిగతా బట్ట బాగుంటే, చొక్కాను పారేయవద్దు. మంచి దర్జీ ఆ కాలరును విప్పి, తిరగేసి మళ్లీ కుడతాడు. అరగనివైపు బయటికి వస్తుంది. బటన్ డౌన్ కాలర్లకు ఇది అంత బాగా కుదరదు, కాజాల వెనుక వైపు బయటికి కనిపిస్తుంది. కొలిచి కుట్టించుకునేవారు మొదట్లోనే అదే బట్టతో ఒక అదనపు కాలరు, జత కఫ్‌లు కుట్టించి పక్కన పెట్టుకోవాలి. తర్వాత వెతికితే అదే తాను, అదే రంగు దొరకదు.